ఇంటిపేరు ముందా, వెనకా

ఆ మే నెలలో మా అన్న రోజుకు మూడుసార్లు ఉద్యోగం పోగొట్టుకునేవాడు, రెండుసార్లు మళ్ళీ సంపాదించుకునేవాడు. అంతా ఫోన్లోనే. పొద్దున లేవగానే ఎవరో ఒకరు వాట్సాప్ గ్రూపులో "ఈసారి కూడా కోచ్‌ను స్పెయిన్ నుంచే తెస్తున్నారట" అని పెట్టేవారు. అన్న గోడవైపు తిరిగి పడుకునేవాడు. పదకొండు గంటలకు ఇంకెవరో "విదేశీయులు వద్దంటున్నారట, మనవాళ్ళకే ఇస్తారట" అని పెట్టేవారు. అన్న లేచి స్నానం చేసేవాడు. బాత్రూంలో నీళ్ళ చప్పుడు వినబడితే చాలు, ఆ పూట పుకారు ఏమిటో వదిన వంటింట్లోంచే చెప్పేసేది.

అన్న ఫుట్‌బాల్ కోచ్. వేరే రాష్ట్రంలోని ఒక ప్రొఫెషనల్ జట్టుకు మూడేళ్ళు అసిస్టెంట్‌గా పనిచేశాడు. ఏడాదిలో తొమ్మిది నెలలు అక్కడ, మూడు నెలలు మన్సూరాబాద్‌లో కిరాయి ఇంట్లో వదినతో. ఆ సీజన్ మధ్యలో జట్టు వరసగా ఓడిపోతుంటే యజమానులు హెడ్ కోచ్‌ను పంపించేసి, మిగిలిన మ్యాచ్‌లకు అన్నను నిలబెట్టారు. కొన్ని గెలిచాడు, కొన్ని ఓడాడు, మొత్తానికి జట్టు అట్టడుగుకు పోకుండా చూశాడు. సీజన్ అయ్యాక వాళ్ళు చేయి కలిపి, మంచి మాటలు చెప్పి, "ఆలోచించి కబురు చేస్తాం" అన్నారు. అన్న కాంట్రాక్టు ఆ నెలాఖరుతో అయిపోతుంది. హెడ్ కోచ్‌గా అతన్నే ఉంచితే సరే. వేరేవాళ్ళు వస్తే తమ మనుషుల్ని తామే తెచ్చుకుంటారు కాబట్టి అసిస్టెంట్ పని కూడా ఉండదు. నలభై ఆరేళ్ళ మనిషికి అటో ఇటో తప్ప నడుమ ఏమీ లేదు.

నాకు దిల్‌సుఖ్‌నగర్‌లో, మెట్రో స్టేషన్ వెనక సందులో, టీషర్టుల మీద అక్షరాలు అద్దే చిన్న షాపు ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచ్ అంటే అర్థమే వేరు. సందుకొక కోచింగ్ సెంటరు, గోడ గోడకీ ర్యాంకులొచ్చిన పిల్లల ఫొటోలు. మా అన్న కోచ్ అని నేను గొప్పగా చెబితే, షాపుకొచ్చిన అమ్మాయిలు వెంటనే "ఏ సబ్జెక్టు అక్కా?" అనేవాళ్ళు. ఫుట్‌బాల్ అనగానే పాపం అన్నట్టు తల ఊపేవాళ్ళు. మా చుట్టాలు వాళ్ళకంటే ఘనం. వదిన వాళ్ళ చిన్నాన్న ఒకసారి పెళ్ళిలో అన్నం తింటూ, పదిమందిలో అడిగాడు.

"ఆడెటోళ్ళు ఆడుతరు. పెద్ద కోచ్ చెప్పెటోడు చెప్తడు. మరి అసిస్టెంట్ అంటె నువ్వేం జేస్తవు అల్లుడా? నీళ్ళ సీసాలు మోస్తవా?"

అన్న నవ్వి ఊరుకున్నాడు. వదిన విస్తరి ముందు నుంచి లేచింది. నేనైతే ఆ చిన్నాన్నకు అక్కడే రెండు చీవాట్లు పెట్టాను, ఆ తర్వాత మూడేళ్ళు వాళ్ళింటికి మాకు పిలుపు లేదు. నా నోరు మంచిది కాదని అందరికీ తెలుసు. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు, ఆ సామెతను నేనెప్పుడూ తేలిగ్గా తీసుకోలేదు. అన్న లేని తొమ్మిది నెలలూ వదిన మంచీచెడూ నేనే చూసేదాన్ని. వాళ్ళకు పిల్లలు లేరు. సాయంత్రాలు ఆ రెండు గదుల్లో టీవీ పెట్టుకుని, దాన్ని చూడకుండా కూర్చునేది. హెడ్ కోచ్‌కైతే ఆ జట్టువాళ్ళు ఇల్లు ఇస్తారు, భార్యను తీసుకుపోవచ్చు. అసిస్టెంట్లకు గదికి ఇద్దరు. అందుకే అన్నకు ఆ పని రావాలని అతని కంటే ఎక్కువ నేను కోరుకున్నాను.

ఎవరు వస్తారో ఊహించడం మాకు కొత్త విద్య కాదు. మాది నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. మా సంఘంలో పాస్టర్ గారికి బదిలీ అయిందంటే చాలు, కొత్తాయన ఎవరో చెప్పడానికి అందరూ ప్రవక్తలే. ఫలానా ఆయన సామాన్లు సర్దుకుంటున్నాడట, ఫలానా ఆయన పిల్లలకు ఎల్బీ నగర్‌లో స్కూలు వెతుకుతున్నాడట. చివరికి ఎవరూ అనుకోని మనిషి బైబిలు పట్టుకుని దిగేవాడు. ఫుట్‌బాల్ పుకార్లూ అంతే అని అన్నకు నేనే చెప్పాను. అయినా అన్న ఒక పాత క్యాలెండర్ వెనక జాబితా రాసి పెట్టుకున్నాడు. పేర్లు కాదు, తను పెట్టుకున్న గుర్తులు: బట్టతల పోర్చుగల్, కేరళ మాస్టారు, మాట్లాడని స్పెయిన్, తిరిగొచ్చే పాతాయన. రోజూ ఒకరిని కొట్టేసేవాడు, మర్నాడు వాళ్ళనే మళ్ళీ రాసేవాడు.

ఒకరోజు వదిన ఆ కాగితం చూసి, "నీ పేరేది ఇండ్ల?" అంది.

"నా పేరు నేనెట్ల రాసుకుంట?" అన్నాడు అన్న. సిగ్గుపడ్డాడు కూడా.

ఇంతలో ఒక మంచి కబురు వచ్చింది. బడంగ్‌పేట్ దాటాక కొత్తగా కట్టిన ఒక పెద్ద స్కూలు వాళ్ళు అన్నను పిలిచారు. ఆటల విభాగం మొత్తం చూసుకోవాలి, పర్మనెంట్ ఉద్యోగం, రోజూ సాయంత్రానికి ఇంటికి రావచ్చు. శనివారం సాయంత్రంలోగా వస్తాడో రాడో చెప్పమన్నారు. ఆ తర్వాత ఆ పని ఇంకొకరికి. వదిన నాలుగు రోజులు అన్న వెంట పడింది. "గా జట్టోళ్ళు పిలుస్తరని ఎన్ని దినాలు చూస్తవు? చేతిలకొచ్చింది పట్టుకో" అంది. బుధవారం నాటికి అన్న మెత్తబడ్డాడు. శనివారం పొద్దున పోయి సంతకం పెట్టి వస్తానన్నాడు. అన్న ముఖంలో ఓటమి ఉంది కానీ, ఇల్లు కొంచెం తేలికపడింది. అక్కడితో నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథ లేదు.

గురువారం మధ్యాహ్నం నాకు ఒక ఆర్డరు వచ్చింది. అన్న పనిచేసే జట్టుకు ప్రాక్టీసు బట్టలు సరఫరా చేసే డీలరు హైదరాబాద్‌లోనే ఉంటాడు, కృష్ణా జిల్లా మనిషి. మూడేళ్ళ క్రితం అన్న చెప్పాడని, కోచ్‌ల టీషర్టుల మీద అక్షరాలు అద్దే పని నాకిచ్చాడు. ఆ జట్టులో ఆటగాళ్ళకు నంబర్లు, కోచ్‌లకు ఛాతీ మీద పేరులోని రెండు పొడి అక్షరాలు, ఇంగ్లిష్‌లో. ప్రతి సంవత్సరం కట్ చేయడానికి సిద్ధంగా ఉన్న ఫైలే పంపేవాడు. ఈసారి ఫైలు ఇంకా కాలేదని, ముందుగా లిస్టు ఫొటో తీసి పంపాడు.

"అమ్మా, శుక్రవారం సాయంత్రానికల్లా అయిపోవాలండి. హెడ్ కోచ్‌ గారిది ఒక్కటే ముందు కావాలంట, ఫొటోలకి. ఈ లిస్టు మాత్రం బయటికి వెళ్ళకూడదండోయ్. పైవాళ్ళు ఇంకా ప్రకటించలేదు" అన్నాడు ఫోన్లో.

ఆ ఫైళ్ళలో లాగే లిస్టులోనూ మొదటి వరస హెడ్ కోచ్‌దే. ఆ వరసలో రెండు అక్షరాలు, పక్కన సైజు. కింద వరసలన్నీ ఖాళీ. నేను ఆ రెండు అక్షరాల వంక చూశాను. మొదటిది మా ఇంటిపేరుది. రెండోది మా అన్న పేరుది. సైజు కూడా అన్నదే.

తెలుగువాళ్ళం కదా, రెండు పొడి అక్షరాలు కనబడితే ముందుది ఇంటిపేరనీ, వెనకది మనిషి పేరనీ వేరే ఆలోచన లేకుండా చదివేస్తాం. బడి హాజరుపట్టీ నుంచి సమాధి రాయి దాకా మా ఇంట్లో అందరి పేర్లూ అట్లాగే ఉన్నాయి. ఆ డీలరుకు మాటిచ్చానన్న సంగతి షాపు షట్టర్ దించేదాకే గుర్తుంది. నా నోట్లో నువ్వుగింజ నానదు. మెట్రో ఎక్కి ఎల్బీ నగర్‌లో దిగి, ఆటో పట్టుకుని, సాయంత్రం ఐదింటికి మన్సూరాబాద్‌లో ఉన్నాను.

అన్న మంచం మీద కూర్చుని స్కూలు కోసం సర్టిఫికెట్లు వరసగా పెట్టుకుంటున్నాడు. వదిన బియ్యం ఏరుతోంది.

"గవన్ని లోపల పెట్టన్నా" అన్నాను. "నువ్వే హెడ్ కోచ్‌వు."

"ఎవరు చెప్పిండ్రు?"

"ఎవరు చెప్పుడేంది? లిస్టే వచ్చింది. చూడు."

ఫోన్ చేతికిచ్చాను. అన్న చూశాడు. చాలాసేపు చూశాడు. రెండు వేళ్ళతో ఆ అక్షరాలను పెద్దవి చేసి, మళ్ళీ చిన్నవి చేశాడు. నేను ఆగలేక వదినకు చెప్పాను, మొదటి వరస అంటే ఎవరిదో, ముందక్షరం మా ఇంటిపేరుదనీ, సైజు కూడా అదేననీ. వదిన చేతిలో చాట పక్కన పెట్టి లేచి నిలబడింది. నా పెళ్ళినాడు నవ్వినట్టు గుర్తు, మళ్ళీ ఆ రోజు నవ్వింది. "నిజమేనా?" అని అన్నను అడిగింది. నన్ను కాదు, అన్నను.

అన్న ఆమె వంక చూశాడు. "అక్షరాలైతె అవే" అన్నాడు. ఫోన్ నాకు తిరిగి ఇచ్చేశాడు.

సంతోషం ఎక్కువై అట్లా ఉన్నాడనుకున్నాను. వదిన అప్పుడే పెద్ద గిన్నెలు అక్కడికి తీసుకుపోవాలా, చిన్నవి చాలా అని మాట్లాడుతోంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని ఎవరైనా అంటే వాళ్ళను కొట్టి ఉండేదాన్ని.

"మరి గా స్కూలోళ్ళు?" అన్నాడు అన్న నెమ్మదిగా. "జట్టోళ్ళు ఫోన్ జేసెదాంక వాళ్ళకు రానని చెప్పొద్దేమో."

"శనివారం వరకే గదా టైము" అన్నాను. "సంతకం పెట్టినంక వీళ్ళు పిలిస్తె పరేషాన్ అయితది. దేశంల పెద్ద కోచ్ లైసెన్సు తెచ్చుకున్నది చిన్నపిల్లలకు డ్రిల్లు చెప్పనీకా?"

ఈ చివరి మాట నేనే అన్నాను. ఎవరూ అనిపించలేదు. ఇప్పుడు ఎన్నిసార్లు తలచుకున్నా దానికి వేరే అర్థం రాదు.

శుక్రవారం ఫైలు వచ్చింది. మా పనిలో ఒక చిన్న సంగతి ఉంది. అక్షరాలను రంగు ఫిల్ము మీద మిషను అద్దంలో కనిపించినట్టు తిరగేసి కోస్తుంది. మేము చుట్టూ ఉన్న అనవసరపు ఫిల్మును సూదితో లాగేసి, అక్షరాలను బట్ట మీద బోర్లించి, వేడి ప్రెస్సుతో అదిమితే అవి సరిగ్గా పడతాయి. అంటే కుడివైపున్నది ఎడమకు, ఎడమవైపున్నది కుడికి. ఆ రోజు సూదితో ఫిల్ము లాగుతుంటే ఏదో తేడాగా అనిపించింది. అన్న అక్షరాలు మూడేళ్ళుగా నా చేతిలో వేరే వరసలో ఉండేవి. ఫైలు చేసినవాడు సరిగ్గా తిప్పలేదేమోనని, ముందు బట్ట మీద ఊరికే పెట్టి చూసుకున్నాను. బట్ట మీద ఇంటిపేరు ముందు, పేరు వెనక, ముచ్చటగా ఉంది. ఇదే సరి అనుకున్నాను. ప్రెస్సు దించే ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాను. మూడేళ్ళలో వేల టీషర్టులు చేశాను గానీ ప్రార్థన చేసి అద్దింది అదొక్కటే.

శనివారం సాయంత్రం నాలుగింటికి అన్న స్కూలుకు ఫోన్ చేశాడని వదిన నాకు చెప్పింది. "రానని చెప్పిండు. మంచిగనే మాట్లాడిండు" అంది. ఆమె గొంతులో ఒక బరువు దిగిన సంతోషం. స్కూలువాళ్ళు వెంటనే ఇంకొకరికి ఆ పని ఇచ్చేశారని తర్వాత తెలిసింది.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం ఉంటుంది. దేవుడు ఎవరికి ఏ మేలు చేశాడో వాళ్ళు లేచి నిలబడి పదిమందికీ చెప్పాలి. జ్వరం తగ్గినవాళ్ళు చెబుతారు, ప్లాటు రిజిస్ట్రేషన్ అయినవాళ్ళు చెబుతారు. వదిన పెళ్ళై వచ్చిన పందొమ్మిదేళ్ళలో ఒక్కసారీ లేవలేదు. ఆమెకు పదిమందిలో నోరు రాదు. ఆ ఆదివారం లేచింది. చెంగు తలమీదుగా సరిచేసుకుని, ముందు కుర్చీ వీపును రెండు చేతులా పట్టుకుంది.

"మా ఇంట్ల దేవుడు గొప్ప కార్యం చేసిండు" అంది. "ఇన్నేండ్లు నా భర్తను తక్కువ చేసి మాట్లాడినోళ్ళ ముందట తలెత్తుకునేటట్టు చేసిండు. రెండు దినాలల్ల మీకే తెలుస్తది. ఇగ నేను గూడ ఆయన ఎంబడి పోతున్న. మా కోసం ప్రార్థన చేయండ్రి."

అందరూ స్తోత్రం అన్నారు. ఆ చిన్నాన్న కూడా అన్నాడు. మగవాళ్ళ వైపు వరసలో అన్న మోకాళ్ళ మీద మోచేతులు పెట్టుకుని నేలచూపులు చూస్తున్నాడు. వినయం అనుకున్నాను.

సోమవారం మధ్యాహ్నం పన్నెండున్నరకు జట్టువాళ్ళు వీడియో పెట్టారు. షాపులో ప్రెస్సు వేడెక్కుతూ ఉంది, ఒక కోచింగ్ సెంటరు వాళ్ళ నలభై టీషర్టులు పక్కన ఉన్నాయి. వీడియోలో ఎర్రటి గడ్డం ఉన్న ఒక తెల్లాయన, ఇంకా నలభై దాటనివాడు, మైదానంలోకి నడిచి వచ్చాడు. అన్న జాబితాలో అతనికి గుర్తే లేదు. కింద అతని పేరు వేశారు. వాళ్ళ పద్ధతిలో, పేరు ముందు, ఇంటిపేరు వెనక. ఆ మొదటి అక్షరమే మా ఇంటిపేరు అక్షరం. ఆ రెండోదే మా అన్న పేరులోది. అతను కెమెరా వైపు తిరిగి ఛాతీ మీద చేయి వేసుకున్నాడు. చేయి తీశాక నేను ప్రార్థన చేసి అద్దిన రెండు అక్షరాలు కనిపించాయి.

నాకు అప్పుడు అర్థమైంది. ఆ జట్టు లిస్టుల్లో అందరికీ పేరే ముందు. అన్న అక్షరాలు కూడా మూడేళ్ళుగా వాళ్ళ పద్ధతిలోనే ఉన్నాయి. నేను వాటిని ఎక్కువగా తిరగేసిన ఫిల్ము మీదే చూశాను కాబట్టి, నా చేతికి అవి ఇంటిపేరు ముందున్న అక్షరాల్లా అలవాటయ్యాయి. పైగా ఆ రెండూ అద్దంలో చూసినా ఆకారం మారని అక్షరాలు. బట్ట మీద పడ్డాక చూడలేదా అంటే చూశాను, వంద సార్లు చూశాను. మడత పెట్టి కవరులో వేసేటప్పుడు ఎవరు చదువుతారు? ఈ లెక్కంతా ఇప్పుడు ఇంత తీరుబడిగా రాస్తున్నాను గానీ, ఆ రోజు ప్రెస్సు కింద పెట్టిన టీషర్టు మాడి పొగ వస్తే పక్క షాపువాళ్ళు వచ్చి స్విచ్ ఆపారు.

అన్నకు ఫోన్ చేశాను, ఎత్తలేదు. మన్సూరాబాద్ వెళ్ళాను. అన్న ఇంట్లో లేడు, ఎటో నడిచి పోయాడట. వదిన ఒక్కతే గిన్నెల మూట ముందు కూర్చుని ఉంది. చర్చి నుంచి ముగ్గురు ఆడవాళ్ళు అప్పటికే ఫోన్ చేసి, ఆ కార్యం ఏమిటో తెలిసిందా అని అడిగారట. నేను ఆమె ఎదురుగా నేల మీద కూర్చుని, ఫిల్ము గురించి, తిరగేసి కోయడం గురించి ఏదో చెప్పబోయాను. ఆమె విన్నది. చివరికి ఒకే మాట అడిగింది.

"డిగ్రీ చదివినవు. రెండక్షరాలు చదువుడు రాలేదా నీకు?"

అది ఆమె నాతో మాట్లాడిన చివరి మాట.

నెలాఖరుకు జట్టు నుంచి ఉత్తరం వచ్చింది. కొత్త కోచ్ తన ఇద్దరు అసిస్టెంట్లను వెంట తెచ్చుకుంటున్నారు, మీ సేవలకు కృతజ్ఞతలు, అంతే. మిగతా జట్లన్నీ అప్పటికే తమ మనుషుల్ని కుదుర్చుకున్నాయి. అన్న ఆ స్కూలుకు ఒకసారి వెళ్ళాడు కూడా, ఆ సంగతి నాకు మా సంఘానికే వచ్చే ఆ స్కూలు వాచ్‌మన్ ద్వారా తెలిసింది. గేటు దగ్గరే అరగంట నిలబడి తిరిగొచ్చాడట. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఏమిటో మా ఇంట్లో చూశాను. జూన్, జులై, ఆగస్టు అట్లాగే పోయాయి. గ్రూపులో జనం అప్పుడే ఈ ఎర్రగడ్డం ఆయన ఎప్పుడు పోతాడు, తర్వాత ఎవరొస్తారు అని పందాలు మొదలుపెట్టారు. అన్న ఆ గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. స్నానం ఎప్పుడు చేస్తున్నాడో ఇక నాకు చెప్పేవాళ్ళు లేరు.

సెప్టెంబర్‌లో చర్చి పెద్ద ఒకాయన బాటసింగారం పండ్ల మార్కెట్లో మాట్లాడి అన్నకు పని ఇప్పించాడు. లోపలికి వచ్చే లారీలను ఏ షెడ్డు ముందు నిలపాలో చూడాలి, దారి ఇరుకైతే డ్రైవర్లను వెనక్కీ ముందుకీ పంపాలి. బత్తాయి లారీలు, దానిమ్మ లారీలు, తొక్కిన పండ్ల వాసన. నేను ఒకరోజు పొద్దున పదింటికి అక్కడికి వెళ్ళాను. వదిన మాట్లాడదు కాబట్టి ఇంటికి పోవడం మానేశాను. అన్నతోనైనా ఆ తప్పు నాదేనని నా నోటితో చెప్పుకోవాలి. నాలుగు నెలలుగా నాకు సరిగ్గా అన్నం సహించడం లేదు.

అన్న నన్ను చూసి షెడ్డు పక్కన ఖాళీ డబ్బాల మీద కూర్చోబెట్టాడు. చిక్కిపోయాడు. మెడ నల్లబడింది. నేను మొదలుపెట్టాను: లిస్టు, ఇంటిపేరు, ఫిల్ము, వరస. ఏడుస్తూ చెబుతుంటే మాటలు ముందువి వెనక, వెనకవి ముందు అయ్యాయి. అన్న మధ్యలోనే చేయి అడ్డం పెట్టాడు.

"నాకు తెలుసే" అన్నాడు.

"ఏం తెలుసు?"

"నువ్వు ఫోన్ చూపెట్టంగనే తెల్సింది. మూడేండ్లు ఛాతి మీద ఏసుకోని తిరిగిన అక్షరాలు. నావి గట్ల ఉండవు. తిరగేసి ఉంటయి. అది వేరెవరిదో అని అప్పుడే తెలుసు."

నేను అరిచాను. లారీ డ్రైవర్లు తిరిగి చూశారు.

"తెలిస్తె ఎందుకు చెప్పలే? నన్నొక్క తన్ను తన్ని, కండ్లు కనబడ్తలేవా అంటె అయిపోతుండె గదా! స్కూలుకు ఎందుకు రానన్నవు?"

అన్న కింద పడిన ఒక బత్తాయిని తీసి పక్క డబ్బాలో వేశాడు.

"మీ వదిన నవ్వింది" అన్నాడు. "నువ్వు చూసినవు గదా ఎట్ల నవ్విందో. పందొమ్మిదేండ్లల్ల నేను ఆమెకు గట్ల నవ్వే పని ఒక్కటి చెయ్యలే. ఒక్క పూట ఉండనిద్దామనుకున్న. పొద్దుగాల చెప్దామనుకున్న. పొద్దుగాల లేస్తె గిన్నెలు తోముతున్నది, ఊరికి తీస్కపోవాలని. శనివారం స్కూలోళ్ళకు ఒస్తనని చెప్దామనే ఫోన్ తీసిన. పక్కకొచ్చి కూసున్నది. రానని చెప్పు, జర ధైర్యంగ చెప్పు అన్నది. చెప్పిన." మెడ తుడుచుకుంటూ, "ఏమో, వాళ్ళు ఈ ఒక్కసారి తిరగేసి రాసిండ్రేమో అని గూడ అనుకున్న. మనిషి బుద్ధి గదా" అన్నాడు.

ఒక లారీ హారన్ కొట్టింది. అన్న లేచాడు, చేయెత్తి దాన్ని ఆగమన్నాడు, మళ్ళీ నా వైపు తిరిగాడు. నన్ను చూడకుండానే అన్నాడు.

"ఆమెకు ఈ మాట చెప్పకు చెల్లె. నువ్వు తప్పు చదివినవనే అనుకుంటున్నది. గట్లనే అనుకోనియ్యి. నాకు తెల్సి గూడ సంఘంల లేచి నిలబడనిచ్చిన అని తెలిస్తె, నా ఎంబడి ఆ ఇంట్ల ఉండదు."

నా మీద నాకే ఉన్న కోపం ఆ క్షణం అన్న మీదికి మళ్ళింది. నాలుగు నెలలు నన్ను కుమిలిపోనిచ్చాడు కదా అనిపించింది. తిట్టాలని నోరు తెరిచాను. ఎండలో అతని భుజాలు చూసి మూసుకున్నాను. "సరే" అన్నాను. నా జీవితంలో నేను దాచిన మాట అదొక్కటే. బస్సెక్కి షాపుకు వచ్చేశాను.

ఆ మాట చెప్పేస్తే వదిన నాతో మాట్లాడుతుంది, అన్నతో మానేస్తుంది. చెప్పకపోతే ఇప్పుడున్నట్టే ఉంటుంది. రెండేళ్ళయింది. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక మెట్ల మీద వదిన నా పక్క నుంచే దిగింది. చెంగు నా చేతికి తగిలింది. "వదినా" అన్నాను. ఆగలేదు. వెనకే వస్తున్న అన్న నా ముందు ఒక్క క్షణం నిలబడ్డాడు, తల దించుకున్నాడు, ఆమె వెంట గబగబా నడిచి వెళ్ళిపోయాడు.